నెమలికి రెండు అచ్చులు

బందరు కోర్టులో రాజీ కుదిర్చే గది. మీరిద్దరే కాసేపు మాట్లాడుకోండని చెప్పి మధ్యవర్తి మేడం బయటికి వెళ్ళారు. బల్లకి అటొకరూ ఇటొకరూ, వాటాల దావాలో ఉన్న పెడన కలంకారీ అద్దకం అన్నదమ్ములు మిగిలారు.

"ఈ బల్ల చూస్తే మన అద్దకం బల్ల గుర్తొస్తోంది అన్నయ్యా."

"దీనిమీద గోనెలేవిరా? గోనెలు పరవని బల్లమీద అచ్చు దిగదు."

"నువ్వు గీతల అచ్చు వేసుకుంటూ ముందు వెళ్తుంటే, నేను రంగు అచ్చు పట్టుకుని నీ వెనకాలే వచ్చేవాణ్ణి."

"నీ రంగెప్పుడూ గీత దాటేది."

"నాన్న చూస్తే, నీ గీతే వంకరపోయిందని తప్పు నీమీద వేసుకుని నువ్వు తిట్లు తినేవాడివి."

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"మొన్న గుడివాడ షాపువాళ్ళు నెమలి దుప్పట్లు అడిగారు. లేవన్నాను."

"నన్నూ అడిగార్రా. గీతల నెమలి ఒక్కటీ పెట్టుకుని నేనేం అద్దను? రంగు అచ్చు నీ దగ్గరాయె."

"పెద్దమనుషులు అచ్చుల్ని లెక్కకి సగం సగం పంచేశారు. ఏది ఎవరికొచ్చిందో మనమూ చూసుకోలేదు."

"చూడకేం, ఇద్దరం చూశాం. ముందు నోరు విప్పినవాడు తగ్గినట్టవుతుందని ఊరుకున్నాం."

తమ్ముడు కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"నాన్న బల్ల నీ వాటాకేగా వచ్చింది. ఉందా?"

"ఉంది. గోనెలు కూడా మార్చలేదు."

తలుపు తీసుకుని మేడం వచ్చారు.

"ఏమన్నా తేలిందా అండీ?"

"తేల్లేదమ్మా," అన్నాడు అన్న. "వచ్చే వాయిదా మా తమ్ముడింట్లో పెట్టుకుంటాం. నా అచ్చు నేను తెచ్చుకుంటాను."