చివరి వరుసలో టోపీ

హలో… ఆ, నేనే అక్కా… నేనే. బావ కాదు, నేను. ఫోను బావది, గొంతు నాది…

మంచంలోనా? మంచంలో ఉన్నాడని ఎవరు చెప్పారు నీకు?… చంటిదా! దాని చెవులకో దండం. ఇందాక నేను చేస్తే ఫోను అదే ఎత్తింది, లైను తెగుతూ తెగుతూ వచ్చింది, అది ఒక సున్నా ఎక్కువ విన్నది. మంచం కాదక్కా. మంచు. మంచులో ఉండిపోయాడు అన్నాను…

కాదు, జ్వరం కాదు… మాత్ర వేసుకున్నాడా అని అడక్కు. జ్వరమైతే ఎంత బాగుండేది!

ముందు చెప్పు, నువ్వెక్కడున్నావు?… హాల్లోనా. అత్తయ్య పక్కనే ఉందా?… వంటగదిలోకి వెళ్లు. ఏంటని అడిగితే ఇక్కడ హోటల్లో నీళ్లు రావట్లేదట అను, ఏదో ఒకటి అను… వెళ్లావా?… తలుపు దగ్గరగా వెయ్యి. కూర్చో… స్టూలు లేకపోతే పొయ్యి గట్టుకు ఆనుకో.

అక్కా, బస్సు బావను వదిలేసి వచ్చేసింది.

…కొండ మీద. మంచు చూడ్డానికి ఆపిన చోట. ఆయన అక్కడ ఉండిపోయాడు, మేము కిందికి దిగిపోయాం… కింద అంటే… పక్క దేశంలో ఉన్నాం…

అరవకు. అరవకక్కా, అత్తయ్య వింటుంది.

…ఆ, పక్క దేశమే. ఇక్కడ దేశం మారడమంటే పెద్ద హడావుడి ఏమీ ఉండదు. రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. తుమ్మి తలెత్తేసరికి దాటిపోతాం…

ఎలా అంటే… ఈ టూరు సంగతి నీకు రోజూ చెబుతూనే ఉన్నాగా. ఇది యాత్ర కాదు, మాత్ర. పూటకో దేశం నోట్లో వేసుకుని నీళ్లు తాగడమే. బస్సు దిగు, ఫోటో దిగు, దిగులుపడు, మళ్లీ ఎక్కు. గోపురం చూపిస్తామని గోపురం చుట్టూ కట్టిన పరంజా చూపించారు. జలపాతం అని తీసుకెళ్తే జలం గడ్డకట్టింది, పాతం ఒక్కటే మిగిలింది, అది బావకు జరిగింది, జారి కూర్చున్నాడు…

సరే. సరే, వస్తున్నా… నవ్వించడానికి కాదక్కా. నోరు ఆపితే పళ్లు కొట్టుకుంటున్నాయి నాకు.

మధ్యాహ్నం ఆ కొండ మీద ఆపారు. బస్సు నిలిపిన చోటు నుంచి కిందికి మెట్లున్నాయి. చివర చెక్కతో అరుగులా కట్టారు, అక్కడ నిలబడితే లోయంతా కనబడుతుంది. ఇద్దరం దిగాం. బాగుందక్కా, అబద్ధమెందుకు. ఈ టూరు మొత్తానికి బాగున్నది అదొక్కటే. బావ గుప్పెట్లోకి మంచు తీసుకుని వాసన చూశాడు. ‘దీనికి వాసనే లేదేంట్రా’ అన్నాడు…

ఆ, అలాగే అన్నాడు. నీకు చెప్పమన్నాడు.

…లేదు, అప్పుడు బాగానే ఉన్నాడు. ఎక్కేటప్పుడు ఆయాసపడ్డాడు. రెయిలింగు పట్టుకుని ఆగి, ‘నువ్వు పదరా, నేను నెమ్మదిగా వస్తా’ అన్నాడు. ఎంత, పది మెట్లు ఎక్కితే బస్సే. నేను పైకొచ్చి టాయిలెట్ దగ్గర వరుసలో నిలబడ్డా. బయటికొచ్చేసరికి గొడుగాయన బస్సు తలుపు దగ్గర నిలబడి, ‘మీరే చివర, ఎక్కండెక్కండి’ అని తొందర… గొడుగాయన అంటే మా గైడు, చెప్పాగా, గొడుగెత్తి పట్టుకుని ముందు నడుస్తాడని. నేనే చివర అన్నాడంటే బావ ఎక్కేసినట్టేగా!

…చూశానక్కా! వెనక్కి తిరిగి చూశాను. చివరి వరుసలో కిటికీ పక్కన టోపీ కనబడింది. బావ టోపీ. నువ్వల్లినది, గోధుమరంగుది…

పక్కపక్కన కాదు. అత్తయ్య తుంటి విరిగి నువ్వు ఆగిపోతే నీ పేరు తీసేసి నా పేరు రాయించాంగా, అప్పుడే మా సీట్లు విడిపోయాయి. పైగా రోజుకో వరుస జరగాలి ఇక్కడ, అందరికీ ముందు సీటు దక్కాలని. ఇవాళ నాకు మొదటి వరుస, బావకు చివరిది…

అదేగా చెబుతున్నా. టోపీయే. కింద తల లేదు.

మెడకు పెట్టుకునే దిండు లేదూ, దాన్ని సీటుకు ఆనించి, దానికి జాకెట్టు కప్పి, పైన టోపీ. అచ్చం మనిషి కునుకు తీస్తున్నట్టే. గొడుగాయన రోజూ ముందు నుంచే వేలుతో తలలు లెక్కపెడతాడు. పెట్టాడు. సరిపోయాయి. లెక్క తప్పలేదక్కా. తల తప్పింది…

ఆ… జాకెట్టు లేకుండానే దిగాడు. స్వెట్టరు ఉంది. ‘అయిదు నిమిషాలకు నాకేమవుతుందిరా’ అన్నాడు… ఫోను జాకెట్టు జేబులో ఉండిపోయింది. అందుకే నువ్వు చేస్తే నేనెత్తుతున్నా.

…దారిలో ఎవరూ చూడలేదు. పక్క సీట్లో గొడుగాయన సంచులు పెట్టుకుంటాడు, మనుషులెవరూ ఉండరు…

నేనా?… నేనేం చేస్తున్నానంటే…

మైకు పట్టుకున్నా. మొదటి వరుసలో కూర్చున్నవాళ్లకు మైకు ఇస్తారు, పాటో మాటో ఏదో ఒకటి. నా చేతికిస్తే ఊరుకుంటానా? బస్సంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ‘మా బావను చూడండి, ఇంత చలికీ చలించడు’ అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూసి నవ్వారు… ఆ, దాన్ని చూసే. ‘చప్పట్లు కొట్టినా లేవడు, మా అక్క గొంతు వినిపిస్తే తప్ప’ అన్నాను. మళ్లీ నవ్వారు… దారి పొడుగునా, అక్కా. దారి పొడుగునా నేను ఒక టోపీ మీద జోకులు వేశాను.

…తిట్టు.

…ఊఁ. తిట్టు, పర్లేదు. తోడుగా వెళ్లరా అని నువ్వు పంపితే…

హోటల్ ముందు అందరూ దిగాక, నిద్ర లేపుదామని వెనక్కి వెళ్లాను. భుజం మీద చెయ్యి వేశా. జాకెట్టు చేతిలోకి వచ్చేసింది.

…ఊరుకోలేదక్కా! గొడుగాయన అప్పటికప్పుడు అక్కడి పోలీసులకు చెప్పాడు. వాళ్లు బయల్దేరారట. నేను వెళ్తానన్నా. డ్రైవరు బండి తీయనన్నాడు. ఇక్కడ ఒక్కరే ఇన్ని గంటలకు మించి నడిపితే బండిలో ఏదో యంత్రం పట్టిస్తుందట. కాళ్లు పట్టుకున్నా. అతనూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు గానీ తాళం మాత్రం తీయలేదు. టాక్సీవాణ్ని అడిగితే పైన మంచు కురుస్తోంది, దారి మూసేశారు అన్నాడు…

అందరూ ఇక్కడే, కింద హాల్లో. ఎవరి సూట్‌కేసు మీద వాళ్లు కూర్చున్నారు. గది తాళాలు బల్ల మీద పోసి ఉన్నాయి, ఒక్కరూ ముట్టుకోలేదు. ఒకళ్లనొకళ్లు అనుకుంటున్నారు. లెక్క సరిగ్గా చూడలేదని గొడుగాయనను కొందరు, వెనక వరుసల్లో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారని కొందరు. టైల్సాయన మీద పడ్డారు ఇప్పుడు… అదే, టైల్సు కొట్టున్న ఆయన, మొన్న బావ సీట్లో కూర్చుని లేవనన్నాడే, ఆయన…

బావ ఎందుకు పెట్టాడంటే… అందుకే మరి! ఆ రోజు ఈయన నడవాలో నిలబడ్డాడు గానీ, లేవండి అని ఒక్క మాట అనలేదుగా. ఆ మర్నాటి నుంచి దిగిన ప్రతిచోటా దిండు నిలబెట్టి, కప్పి, టోపీ పెట్టి దిగడం మొదలెట్టాడు. ఇవాళ పొద్దున కూడా పెడుతుంటే నవ్వాను. ‘ఎవర్ని బావా తయారుచేస్తున్నావు, తమ్ముణ్నా?’ అన్నాను. ‘సీటు పోకుండారా’ అన్నాడు. ఎవరు నేర్పారో ఆయనకు ఆ…

అక్కా?

…ఉన్నావా? మాట్లాడవేం?… అక్కా?

ఉండు, ఉండు. గొడుగాయన వస్తున్నాడు… ఏమో, పరుగెత్తడం లేదు. నడుస్తున్నాడు… ఫోను పెట్టెయ్యకు, ఉండు.

చెప్పండి సార్… ఆ… ఎక్కడ?… ఆ… మీరు సరిగ్గా విన్నారా? వాళ్ల భాష వేరు కదా, ఒకటంటే ఒకటి… మళ్లీ అడగండి… అడిగారా… రెండుసార్లా… ఊఁ… సరే సార్. మీరు కూర్చోండి. కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు.

…అక్కా.

దొరికాడు.

…లేదక్కా, మాట్లాడించలేను. అక్కడే ఉన్నాడు, కొండ మీద… కాదు. ఆస్పత్రికి కాదు… మనిషి దొరికాడక్కా. మనిషే దొరికాడు…

ఆ.

…ఆ అక్కా. లేడు.

…

…నోట్లో కొంగు కుక్కుకోకు. ఏడు. వినబడితే వినబడనీ… ఏడు.

…

మెట్ల మీద… సగం ఎక్కి కూర్చున్నాడట. చెయ్యి రెయిలింగు మీదే ఉందట… తెలీదు. మా బస్సులో పిల్లల డాక్టరమ్మ ఉంది, గుండె అయ్యుంటుంది అంటోంది. బస్సు కదలకముందే అయ్యుండొచ్చు అంటోంది… ఆ. కదిలాక కూడా అయ్యుండొచ్చు… నిజమే. చివరి సీటు ఖాళీగా కనబడి ఉంటే దిగి వెతికేవాళ్లం. నిజమేనక్కా, కాదనను…

ఏంటి?

…మళ్లీ చెప్పు. ఏడుపులో అర్థం కావట్లేదు… నువ్వా?… ఎప్పుడు, ఆ సీటు గొడవైన రోజు ఫోన్లోనా… ‘దిగినప్పుడల్లా జాకెట్టూ టోపీ పెట్టి దిగండి, చూస్తే మనిషి ఉన్నట్టే ఉండాలి’ అని… నువ్వు చెప్పావు.

…

అక్కా, ఆగు… ఆగమంటున్నా! నువ్వు చంపుకోవడమేంటి? అంత దూరాన ఉన్న మొగుడు నిలబడి ప్రయాణం చెయ్యకూడదని చెప్పావు. అంతేగా చెప్పింది? మొహమాటపు మనిషి, నోరు తెరిచి అడగడు, వస్తువైనా అడ్డం ఉంటుందని చెప్పావు…

అనకు. ఆ మాట ఇంకోసారి అనకు.

…ఇది ఇంకెవరికైనా తెలుసా? చంటిది విన్నదా ఆ రోజు?… బడిలో ఉందా. మంచిది. అత్తయ్య?… తెలీదు కదా. ఆలోచించి చెప్పు… సరే.

విను. అత్తయ్య అడుగుతుంది… అడుగుతుందక్కా. నా కొడుకు లేకుండా బస్సెలా కదిలిందని ఇవాళ అడుగుతుంది, రేపు అడుగుతుంది, వచ్చినవాళ్లందరి ముందూ అడుగుతుంది. తుంటి విరిగి కూర్చున్న మనిషి, ఇంకేం పని ఉంది? నువ్వేమో నిజాన్ని కడుపులో దాచుకోలేవు. కూరలో ఉప్పెక్కువైనా ముందే ఒప్పుకునేదానివి. చెప్పేస్తావు. చెప్పాక ఆవిడకు అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, ఆవిడ కళ్ల ముందే తిరగాలి. ఎన్నేళ్లు తిరుగుతావు?… నువ్వు తట్టుకోలేవు. చంటిది ఆ ఇంట్లో ఆ మాటలు వింటూ పెరగకూడదు.

మొహం కడుక్కో… కడుక్కో ముందు. హాల్లోకి వెళ్లు. ఆవిడకు నేను చెబుతా. స్పీకర్ పెట్టు. పెట్టాక నువ్వు ఒక్క ముక్క మాట్లాడావో, నా మీద ఒట్టే… ఏం చెబుతానన్నది నాకు వదిలెయ్… నేను నవ్వించడానికి పుట్టినవాణ్ని, నామీద ఎవరికీ అనుమానం రాదు. వెళ్లు.

…

అత్తయ్యా… ఆ, నేనే… అత్తయ్యా, బావ పోయాడు.

…

…

చెబుతా. ఎలా వదిలేశారో చెబుతా. ఒక్క నిమిషం… గైడు గారూ, ఇటు రండి. డాక్టరమ్మా, మీరూ. అందరూ వినండి, ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం ఆపండి. టైల్సు కొట్టాయన గారూ, మీరు తలెత్తండి, మీ తప్పేం లేదు…

టోపీ పెట్టింది నేను.

…నేనే అత్తయ్యా. బావ కాదు. బస్సులో వేడిగా ఉందని ఆయన జాకెట్టూ టోపీ సీట్లో వదిలి దిగాడు. నేను వెనకాల ఉండిపోయి, దిండు నిలబెట్టి, బొమ్మలా తయారుచేశా… సరదాకి. ఈ గైడు గారిని ఆటపట్టిద్దామని. లెక్కలో తేడా వస్తే నవ్వుదామని. ఆయన లెక్క సరిగ్గానే పెట్టాడు… తర్వాత మర్చిపోయా. మైకు చేతికొచ్చింది. మైకొస్తే నాకు ఒళ్లు తెలీదని మీరే అంటారుగా…

అవునండీ, అందరికీ అదే చెబుతున్నా. పోలీసులు అడిగినా అదే చెబుతా.

…ఎవరు?… అక్క ఏమంటోంది?… అక్క మాట పట్టించుకోకండి అత్తయ్యా, ఏడుపులో ఏదేదో వస్తుంది. అక్కడ కూర్చున్న మనిషికి ఇక్కడి సంగతి ఏం తెలుసు?… చంటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకోండి… ఆ…

ఆ… అనండి… నిజమే, నా నోరే, నా వేళాకోళమే… అవును. ఒక్కగానొక్క కొడుకు… ఊఁ… ఆ గుమ్మం తొక్కను. తొక్కనత్తయ్యా… వింటున్నా. చెప్పండి…

…వద్దు. అక్క చేతికి ఫోను ఇవ్వకండి… వద్దు, అక్కా, వద్దు… పెట్టేస్తున్నా.