టీ అంటే ఎన్ని గంటలకు?

నైరోబీలోని ఆ చిన్న ఆఫీసులో మధ్యాహ్నం పన్నెండైంది. నాలియాకా, ఒమోలో కలిసి రాస్తున్న ప్రోగ్రామ్ చూడటానికి పాల సహకార సంఘం వాళ్ళు రెండింటికి వస్తున్నారు. తీరా చూస్తే, నాలియాకా పొద్దుటి నుంచి రాసిందంతా తెర మీద లేదు.

“ఏం చేశావు ఒమోలో?”

“టీ తాగొచ్చాక రాసిందే పాడైందన్నావుగా? టీ వేళకి ఎలా ఉందో అలా పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాను.”

“‘టీ’ అనే మాటే కొట్టావా?”

“‘నిన్న’ అన్నా, ‘మధ్యాహ్నం’ అన్నా దానికి తెలుస్తుందని నువ్వేగా చెప్పావు! టీ కూడా తెలుసు. కిక్కురుమనకుండా పని చేసేసింది.”

“మనం మందాజీ బూరెలు తింటూ టీ తాగింది పదింటికి. మరి ఎనిమిదింటికి రాసింది కూడా ఎందుకు పోయింది?”

“దాని వివరాల్లో ఇప్పుడే చదివాను. దాని లెక్కలో టీ అంటే సాయంత్రం ఐదు. ఇవాళ ఐదు ఇంకా కాలేదుగా, నిన్నటి ఐదింటికి తీసుకెళ్ళి దించింది.”

“ఐదింటికి టీ ఎవరు తాగుతారు మహానుభావా? ఆ వేళకి మనం మటాటూ బస్సు ఎక్కడానికి తోసుకుంటుంటాం!”

“తెల్లవాళ్ళు తాగేవాళ్ళులే.”

“వాళ్ళు మన దేశం వదిలిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఇంకా మన టీ వేళ వాళ్ళే చెప్పాలా?”

“అరవకు. ఏదీ పోలేదు, ఒక్క అడుగు వెనక్కి వేయమంటే చాలు. ఇదిగో, వచ్చేసింది!”

నాలియాకా తెర దగ్గరికి వంగి చూసింది.

“హమ్మయ్య. ఇప్పుడు టీ వేళకి వెళ్ళు. ఈసారి మాటలొద్దు, అంకె కొట్టు.”

“ఏ అంకె? గడియారంలో పది. పొద్దున్న ఆరింటి నుంచి లెక్కపెట్టే మన స్వాహిలీ లెక్కలో అయితే నాలుగు.”

“లే కుర్చీలోంచి.”