బండిలో చోటు

1919. ఇంగ్లండ్‌లో కెండల్ పట్నం. ఆయుధం పట్టడం, అబద్ధమాడడం పాపమని నమ్మే క్వేకర్ క్రైస్తవ కుటుంబం వంటగది.

"అన్నయ్యా, దొడ్డి తలుపు తీసే ఉంది, వెళ్ళిపో. నువ్వు ఇంట్లో లేవని చెప్పేస్తాను."

"అబద్ధమా? క్వేకర్ల ఇంట్లోనా, రూత్?"

"వాకిట్లో ఉన్నది వాల్టర్ వాళ్ళమ్మ! ఏం చెప్తావ్ ఆవిడకి?"

"జరిగింది చెప్తాను."

"ఏది? స్ట్రెచర్ మీద పడుకుని 'నేను బతుకుతానా సైలస్' అని వాడు అడిగితే, బతకవని మొహం మీదే అన్నావే, అదా?"

"అడిగాడు. నాకు తోచింది చెప్పాను. మనుషుల్ని చంపనని తెగేసి చెప్పి, యుద్ధంలో గాయపడ్డవాళ్ళని మొయ్యడానికి వెళ్ళినవాణ్ణి. అబద్ధం మాత్రం ఎలా ఆడను?"

"ఆ మాట వినేగా, ఆంబులెన్సులో తన చోటు పక్కవాడికి ఇచ్చేశాడు! తర్వాత డాక్టరేమన్నాడు?"

"రూత్..."

"ఏమన్నాడు?"

"ఆ బండి ఎక్కించి ఉంటే బతికేవాడన్నాడు. చాలా? ఆ మాట నిద్రలో కూడా వింటున్నాను, మళ్ళీ నువ్వు కూడా అడగాలా? వెళ్ళి తలుపు తియ్యి."

"తీస్తున్నాను. లోపలికి రండమ్మా, అన్నయ్య ఇక్కడే ఉన్నాడు."

"రండమ్మా, కూర్చోండి. టీ..."

"వద్దు బాబూ. ఒక్క మాట అడిగి పోతాను. మా వాల్టర్ బండి ఎక్కనన్నాడట. నిజమేనా?"

"నిజమేనమ్మా. తన చోటు ఇంకొకడికిచ్చాడు."

"ఇంటికి రావడం ఇష్టంలేకేనా? యుద్ధానికి పోనని ఏడ్చాడు బాబూ. ఆ క్వేకర్లలాగా పిరికిపందవా, అయితే నా గడప తొక్కకు, అన్నాను. నేనే అన్నాను."

"అయ్యో, కాదమ్మా! బతికితే తిన్నగా అమ్మ దగ్గరికే పోతానన్నాడు. బతకనని తెలిశాకే చోటు ఇచ్చాడు."

"బతకడని ఎవరు చెప్పారు?"

"నేనే."

"ఎక్కి ఉంటే?"

"అక్కడ అంతా గందరగోళమమ్మా. బురద, తూటాలు..."

"ఎక్కి ఉంటే బతికేవాడా, బాబూ?"

"అన్నయ్యా..."

"నువ్వుండు రూత్. లేదమ్మా. ఎక్కినా బతికేవాడు కాదు."

"హమ్మయ్య! ఆఫీసరూ, పాదిరీ, వాడి స్నేహితులూ అందరూ నన్ను ఊరడించడానికి తలో మాటా చెప్పారు. ఒక్కటీ నమ్మలేదు. క్వేకర్లు చచ్చినా అబద్ధమాడరట కదా, అందుకే నీ దగ్గరికొచ్చాను."