కొబ్బరినూనె గిన్నె

షెఫీల్డ్‌లోని తమ ఫ్లాట్‌లో, తమ డాక్టరు జీపీతో మాట్లాడి ఫోన్ పెట్టేసిన ప్రఫుల్ల గోరువెచ్చని కొబ్బరినూనె గిన్నెను భర్త ముందు నుంచి లాగేసింది.

"విన్నారా? మీ తలలోనూ కనుబొమల్లోనూ రాలే పొట్టు ఉత్త చుండ్రు కాదట. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి చర్మంలోనే జిడ్డు ఎక్కువ ఊరుతుందట. పైనుంచి నూనె రాస్తే ఇంకా ముదురుతుందట!"

"ఊఁ."

"ఊఁ ఏమిటండీ? ఏడాదిగా రోజూ మర్దన చేసి, నా చేతులతో నేనే పెంచాను!"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నూనె వద్దని... క్లినిక్‌లో నర్సు ఆరు నెలల కిందటే చెప్పింది."

జబ్బు వచ్చాక ఆ ముఖంలో ఏ భావమూ పలకదు. ప్రఫుల్ల నిర్ఘాంతపోయి దానికేసే చూసింది.

"మంట పుట్టలేదా?"

"పుట్టేది."

"మరి చెప్పరేం? మతి గాని పోయిందా మీకు?"

"పొద్దస్తమానం 'మాత్ర వేసుకున్నారా', 'జాగ్రత్తగా నడవండి'... ఇంతే కదా నీ మాటలు. నూనె రాసేటప్పుడే... కబుర్లు చెప్తావు."

ప్రఫుల్ల గిన్నెను సింకులో బోర్లించింది. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, స్టూలు లాక్కుని రోజూలాగే ఆయన వెనకే కూర్చుంది.

"పక్కింటి మార్గరెట్ కుక్కపిల్లకి ఏం పేరు పెట్టిందో తెలుసా?" అంది.