ఆమోసు కరిగించిన నోయిడా పొగమంచు

“ఒట్టేసి చెప్తున్నా, మీరు చచ్చినా నమ్మరు,” అన్నాడు ఆమోసు, టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి.

ఢిల్లీ ఆర్.కె. పురం చర్చిలో ఆదివారం తెలుగు ప్రార్థన అయిపోయి జనమంతా బయట ఎండలో చేరారు. జనవరి ఎండ గదా, దాన్నొదిలి ఎవరూ ఇంటికి పోరు. ఆమోసు నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి క్యాబ్ తోలతాడు. చదువు అయిదో క్లాసు దగ్గరే ఆగింది గానీ నోరు ఇప్పటికీ ఆగలా. పక్కనే కూర్చున్న స్టీవ్ ఆ ఆఫీసులోనే ఇంజినీరు, రోజూ ఆ క్యాబ్‌లోనే పోతాడు.

శుక్రవారం సాయంత్రం వెనక సీట్లో స్టీవ్ ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడటం ఆమోసు చెవిన పడింది. కస్టమర్ల వివరాలుండే చోటికి పోయే పాస్‌వర్డు పొరపాటున కంటైనర్లో ఉండిపోయిందంట, ఆ కంటైనరు ఇంటర్నెట్లో ఎవరైనా దించుకోగలిగే చోటికి ఎక్కేసిందంట, చూసుకుని తీసేసి మళ్లీ ఎక్కించాడంట, పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం పోద్దంట. అప్పట్నుంచీ ఆ పిల్లోడి మొహం చూస్తే ఆమోసుకి జాలేస్తోంది. ఇవ్వాళ ప్లేట్లో పెట్టిన మడతకాజా కూడా వాడు ముట్టలా. సరే, వీడి పేరెత్తకుండా వీణ్ణి నవ్వించాలని ఆమోసు కథ ఎత్తుకున్నాడు.

పోయిన జనవరిలో సంగతంట. మా ఆఫీసు కాదులే, దాని పక్కది. కంటైనరంటే ఏందనుకున్నారు, ప్రోగ్రామునీ దానికి కావాల్సిన సరంజామానీ ఒక డబ్బాలో సర్ది మూత పెట్టటమే, ఏ మిషనుకి పట్టుకుపోయినా అక్కడ నడుస్తది. అయితే ఆ బద్ధకపోళ్లు డబ్బా సొంతంగా కట్టుకోకుండా ఇంటర్నెట్లో ఎవడు కట్టాడో తెలీని డబ్బా తెచ్చిపెట్టుకున్నారు. అది చాలక, లోపల ప్రోగ్రాముకి మిషను మొత్తం మీద పెత్తనం ఇచ్చేశారు, ఒక్క గది అద్దెకిచ్చి బిల్డింగు తాళాలన్నీ చేతిలో పెట్టినట్టు. అదీ చాలక పాస్‌వర్డు కూడా అందులోనే మరిచారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

“దొంగ దూరాడు,” అన్నాడు ధర్మయ్య. సర్కారు కొలువు చేసి రిటైరైన పెద్దాయన, ఆమోసు కోతలకి పాత గిరాకీ.

దూరటం ఒక్కటేనా. దూరి, వాళ్ల మిషన్ల మీద వాడి డిజిటల్ నాణేలు పుట్టించే లెక్కలు కట్టుకోవటం మొదలెట్టాడు. మిషన్లు వేడెక్కినయ్. ముందు ఏసీ చేతులెత్తేసింది. ఇంజినీర్లు స్వెట్టర్లిప్పారు. గార్డు భయ్యాలు రొట్టెలు తెచ్చి మిషన్ల మీద వేస్తే పూరీల్లా పొంగినయ్. ఆ వేడి పైకప్పు దాటి లేచేసరికి నోయిడా మీద పొగమంచు కరిగింది, కరుగుతా కరుగుతా ఎయిర్‌పోర్టు దగ్గరి ధౌలా కువాన్ దాకా పోయింది, పొద్దుట్నుంచీ ఆకాశంలో తిరుగుతున్న విమానాలన్నీ బిలబిలా దిగినయ్. ఓఖ్లా చెరువులో కొంగలు ఎండాకాలం వచ్చేసిందనుకుని మూటాముల్లె సర్దుకుని సైబీరియాకి బయల్దేరినయ్.

“కొంగలకి మూటలేంటి అంకుల్?” అంది అనుగ్రహ. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుట్టింది ఢిల్లీలోనే, తెలుగు మాత్రం బాగానే పలుకుద్ది.

“దూర ప్రయాణం గదమ్మా,” అన్నాడు ఆమోసు, తడుముకోకుండా.

అప్పుడు ఆ ఆఫీసు మేనేజరు గేటు దగ్గరికి ఉరికొచ్చి, ఆమోస్ భయ్యా, నువ్వే దిక్కు అని కాళ్ల మీద పడబోయాడంట. ఆమోసు పైకి పోయాడు. కీబోర్డు పెనంలా కాలిపోతోంది. ఒక్క వేలు, ఒక్క మీట, పాస్‌వర్డు తీసి అవతల పారేశాడు. అంతే, దొంగకి దారి మూసుకుపోయింది. వాడు ఏడ్చుకుంటా ఫోన్ చేసి, అన్నా, పిల్లలు గలోణ్ణి, నన్నెట్టా బతకమంటావని అడిగితే, జాలిపడి వాడికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం ఇప్పించాడంట.

స్టీవ్ నవ్వాడు. రెండ్రోజుల తర్వాత వాడి మొహంలో నవ్వు చూసి ఆమోసు లోపల్లోపల పొంగిపోయాడు.

“అయితే తీసేస్తే చాలా అంకుల్?” అన్నాడు స్టీవ్ మెల్లగా.

“చాలు. తీసేశాక ఇంకేముంది, గుండె మీద చెయ్యేసుకుని పడుకో.”

అనుగ్రహ ప్లేటు కింద పెట్టింది. “అంకుల్, పొగమంచు కరిగిందంటే నమ్ముతా. కొంగలు మూటలు కట్టాయన్నా ఠీక్ హై, నమ్ముతా. ఇది మాత్రం నమ్మను. తీసేస్తే పోదు.”

ఒక కాజా తీసి మడతలు విప్పి చూపించింది. కంటైనరు డబ్బా కూడా ఇట్టాగే పొరలు పొరలుగా ఉంటదంట. పాస్‌వర్డు తీసేశామనుకుంటే పైన ఇంకో పొర పడిందంతే, కింద పొరలో అది పదిలంగానే ఉంటది, దించుకున్నవాడు విప్పి చూసుకుంటాడు. పైగా ముందు ఎక్కించిన డబ్బా ఎవడి దగ్గరుందో ఎవరికి తెలుసు. అసలు పాస్‌వర్డే మార్చెయ్యాలి, అప్పుడు పాతది ఎవడి చేతిలో ఉన్నా దేనికీ పనికిరాదు.

స్టీవ్ మొహంలో నెత్తురు లేదు. నవ్వించబోయి పిల్లోణ్ణి గోతిలో పడుకోబెట్టేవాణ్ణే అనుకున్నాడు ఆమోసు. వాడి భుజం మీద చెయ్యేశాడు.

“అబ్బాయ్, మొన్న క్యాబ్‌లో నీ మాటలు నా చెవిన పడినయ్‌లే. నా కథలో ఆ ముక్క కొట్టెయ్. ఇప్పుడే ఫోన్ చెయ్ మీ మేనేజరుకి.”

“ఉద్యోగం పోతే?”

“నువ్వు చెప్తే కోప్పడతాడు. ఇంకోడు చెప్తేనే పోయేది.”

స్టీవ్ లేచి గేటు అవతలికి పోయాడు. ఆమోసు నోరు మూసుకుని వాడి వీపు వైపే చూస్తా కూర్చున్నాడు. ఆమోసు నోరు మూసుకోవటం అక్కడున్నోళ్లెవరూ అంతకుముందు చూళ్లేదు. టీలు చల్లారినయ్, మళ్లీ వేడి చేసి పోశారు.

స్టీవ్ తిరిగొచ్చాడు. మేనేజరు ముందు గట్టిగా అరిచాడంట, తర్వాత డ్యూటీలో ఉన్నోళ్లని లైన్లోకి పిలిచి దగ్గరుండి పాస్‌వర్డు మార్పించాడంట. లోపలికి ఎవరెవరు వచ్చారో వెతికారు, బయటోళ్లెవరూ లేరు. ఇకనుంచి డబ్బా ఎక్కించే ముందు రహస్యాలేవన్నా ఉండిపోయాయేమో పట్టుకునే చెకింగ్ పెట్టాలి, ఆ పని స్టీవ్‌కే అప్పజెప్పాడు.

“చూశారా,” అన్నాడు ఆమోసు, గొంతు మళ్లీ లేచింది. “నా కథ వినబట్టే గదా కంపెనీ బతికింది.”

ఆమోసు భార్య ఫ్లోరా, ఆసుపత్రిలో నర్సు, అప్పటిదాకా ఖాళీ గ్లాసులు ఏరుతోంది. “పోయిన జనవరంతా మీరు టైఫాయిడ్‌తో మంచం దిగలేదు,” అంది. “జావ కాచి పోసింది నేను.”

అందరూ ఘొల్లుమన్నారు. స్టీవ్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆమోసు తాపీగా మఫ్లరు సర్దుకున్నాడు.

“ఈ రోజుల్లో ఇంజినీర్లంతా మంచం మీద కూర్చునే ఆఫీసు నడుపుతున్నారు. నేను మాత్రం మంచంలోంచి నడపలేదని రుజువు చెయ్యి, చూద్దాం.”