పేపరు చదివిన కళ్ళు

రత్నాలమ్మగారూ, అమ్మా భవ్యశ్రీ, తోటల్లో పని ఆపి వచ్చిన అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా,

సన్యాసి లేడు. పదకొండు రోజుల క్రితం, పట్టపగలు, ముప్పై ఏళ్ళుగా తిరిగిన తోటలోనే, గట్టులేని నూతిలో పడి ప్రాణం వదిలాడు. కొబ్బరిచెట్టు మీంచి ఒక్కనాడూ జారనివాడు నేల మీద నడుస్తూ పోయాడు. ఎందుకు పోయాడు? అది చెప్పడానికే లేచాను. ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

నేను బడిపంతులుగా రిటైరైన దగ్గర్నుంచి సన్యాసి రోజూ మా అరుగు మీద పేపరు చదివేవాడు. అద్దాలు లేకుండా, చీమతలకాయంత అక్షరాలు. నా కళ్ళజోడు చూసి నవ్వేవాడు. అలాంటివాడు కిందటేడు టెక్కలి బస్టాండులో నేను పక్కనుంచి చెయ్యి ఊపితే చూడకుండా పోయాడు. ఒక పెళ్ళి భోజనాల్లో ఎవరిదో విస్తరి తొక్కాడు. మనమేమన్నాం? పొగరన్నాం. తాగాడన్నాం. ఆరు నెలలు నేను అతనితో మాట్లాడలేదు. ఇవాళ సిగ్గుపడుతున్నాను.

భర్త తూలుతున్నాడని రత్నాలమ్మగారు భయపడ్డారు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి మొదట వచ్చే భయం ఒక్కటే కదా? రక్తపరీక్ష చేయించారు. కిడ్నీలు బాగున్నాయన్నారు. ఆ రోజు సన్యాసి వీధంతా కొబ్బరిబొండాలు పంచాడు. మా ఇంటికీ తెచ్చి, "బతికిపోనాను మేస్టారూ" అన్నాడు. కోపం మరిచి నేనూ తాగాను. కళ్ళ సంగతి ఒక్కరమూ అడగలేదు.

చివరికి కూతురు భవ్యశ్రీ పట్టుబట్టి టెక్కలిలో కంటి డాక్టరుకి చూపించింది. గ్లకోమా అన్నారు. మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారే, అదే. కంటి వెనక తెర నుంచి మెదడుకు చూపు మోసే నరం మెల్లగా చచ్చిపోతుందట. ముందు పక్కచూపు పోతుంది. నడిమిచూపు చాలాకాలం మిగిలే ఉంటుంది, అందుకే మనిషికి తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి.

సన్యాసి నెల వేసి మానేశాడు. "సుక్కలేసినా సూపు పెరగనేదు. ఎదరున్నదంతా కనబడతంది, ఇంకెందుకు" అన్నాడు. నేను పేపరు చేతికిచ్చి చదివించాను. తప్పు లేకుండా చదివాడు. సరేలే అన్నాను. అవును, నేనే అన్నాను.

ఈ జబ్బు ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకీ రావచ్చు. అమ్మా భవ్యశ్రీ, రేపు పొద్దున్నే నిన్నూ తమ్ముణ్ణీ నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. చదవగలుగుతున్నానని మాత్రం నాతో చెప్పకు. మీ నాన్నా చదివాడు.

అందరూ లేవండి. ఎదురుగా ఉన్న ఆ ఫొటోనే చూస్తూ, తల తిప్పకుండా, రెండు నిమిషాలు. మీ పక్కన నిలబడ్డ మనిషి చూడకుండానే మీకు కనబడతాడు. కనబడ్డాడు కదా అని పరీక్ష మానకండి. సన్యాసికి మాత్రం ఆ మనిషి ఎన్నాళ్ళుగానో కనబడలేదు. అతని పక్కనే ఉన్న మనకి అది తెలియలేదు.

మౌనంగా నిలబడదాం.