నవ్వుల ఠాణాకు వచ్చిన ఫిర్యాదు

ఆ పట్నంలో అప్పట్లో, అంటే వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై తొమ్మిదిలో, ఠాణాలు రెండుండేవి. ఒకటి సర్కారుది, గూనపెంకుల కప్పు కింద కునుకు తీస్తూ ఉండేది. రెండోది వారపు సంత జరిగే అంగడి మైదానంలో డేరా కింద వారం వారం ఆడే 'నవ్వుల ఠాణా' అనే నాటకం. రెండింట్లో ఏది నయమని అడిగితే జనం తడుముకోకుండా రెండోదే అనేవాళ్లు. కూలికి పోయే ఏసోబు అందులో పోలీసు జమేదారు వేషం కట్టి ఊరందరికీ ముద్దయిపోయాడు. ఆ అంగడి రోజు మధ్యాహ్నం అతను డేరా వెనక అద్దం ముందు మీసం అంటించుకుంటుంటే, గొంగడి భుజాన వేసుకుని ఒక పెద్దావిడ, గొర్లు కాసే సుక్కమ్మ, లోపలికి వచ్చి దండం పెట్టింది.

"కాదంటుంటె ఇనవేంది పెద్దమ్మా? నేను జమేదారును కాదు."

"ఎరుకే బిడ్డ."

"ఎరుకయితె దండం ఎందుకు పెడుతున్నవ్?"

"టోపీకి పెట్టిన."

"టోపీ గూడ అడిగి తెచ్చుకున్నదే. గా చింతచెట్టు పక్కపొంటి పో, గూనపెంకుల ఇల్లు వస్తది. ఆడ అసలు జమేదారు రామచంద్రయ్య సాబ్ ఉంటడు."

"ఆడికెల్లే వస్తున్న. నా పొట్టేలు పోయి నెల దాటె. పొయినప్పుడల్ల, పో ముసల్దాన, దొరికితె కబురు జేస్తం అంటడు. నువ్వే నయం. మొన్న షావుకారి చెంబు పోతె తెల్లారకముందే దొరకబట్టినవ్."

"అది నాటకం పెద్దమ్మా! చెంబు దాసింది నేనే, తీసింది నేనే."

"మంచిగ జేసినవ్. అసలోళ్లకు దాసుడు ఒక్కటే వస్తది."

"నీతోని ఎట్ల ఏగాలె? నీ పేరేంది?"

"సుక్కమ్మ. కురుమ బీరప్ప పెండ్లాన్ని."

"సరే సుక్కమ్మ పెద్దమ్మా. నన్నేం జెయ్యమంటవ్?"

"నా పొట్టేలు నాకియ్యి."

"నేను యాడికెల్లి తెచ్చియ్యాలె?"

"నీ ఎనక కట్టేసున్నది గదా."

"మీసం ఊడింది. ఆగు."

"మీసం తర్వాత అంటుపెట్టుకో. గా పొట్టేలు నాది."

"గది ఆటలది పెద్దమ్మా. పొట్టేలు పోయిందని పోలీసోళ్లు ఊరంత ఎతుకుతుంటరు, గది వాళ్ల ఎనకనే నిలబడి అరుస్తుంటది. గది జూసి జనం నవ్వుతరు."

"పోయిన అంగడికి జూసిన. అందరు నవ్విండ్రు, నేను ఏడ్సిన. పక్కనున్నోడు, ఏందవ్వ, నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంటివి అన్నడు."

"పొట్టేళ్లన్ని ఒక్క తీరుగనే ఉంటయి."

"పోలీసోళ్లు గూడ ఒక్క తీరుగనే ఉంటరు. వాళ్లను గుర్తువట్టి నువ్వు నకలు జేస్తలేవా? ఎడమ చెవి జూడు. కొసకు రెండు కోతలుంటయి. మా ఇంటి గుర్తు, నా మొగడు కోసింది. ఆగు, పిలుస్త. ర్రో నల్లోడా! నల్లోడా, ర్రో!"

"అరె అరె, గుంజ పీకుతాంది! సాలు పెద్దమ్మా, పిలువకు! డేరా కూలుతది!"

"ఇంకేం సాక్ష్యం గావాలె?"

"ఏమద్దు."

"మరి మీ తానకు ఎట్లొచ్చె?"

"కిరాయికి తెచ్చినం."

"ఎవని తానకెల్లి?"

"ఒకాయన తానకెల్లి."

"ఒకాయన అంటె?"

"పెద్దమనిషి."

"పెద్దమనిషికి పేరుండదా?"

"టోపీ ఇచ్చినాయననే."

"టోపీ ఎవలిచ్చిండ్రు?"

"... రామచంద్రయ్య సాబ్."

"అంటె నా పొట్టేలు ఠాణాలనే ఉండెనా?"

"దొంగ దొరికిండట, తప్పించుకొని ఉరికిండట. పొట్టేలు మిగిలింది. ఎవలూ అడగ రాలేదు అన్నడు నాతోని."

"నేను అడిగిన గదా! ఠాణా అరుగు మీద కూసొని అడిగిన. ఎనక దొడ్లెకెల్లి అరుపు గూడ ఇనవడె. గదేంది సాబ్ అంటె, గది సర్కారు పొట్టేలు అన్నడు."

"గీ మాట నాకు ముందుగాల ఎరుకయితె ఆటల పెడుదును."

"ఏందీ?"

"ఏం లేదు, ఏం లేదు."

"తాడు ఇప్పు బిడ్డ. నేను పోత."

"నాతోని గాదు పెద్దమ్మా. ఇయ్యాల అమీన్ సాబ్, రామచంద్రయ్య సాబ్ పై అధికారి, వస్తుండు ఆటకు. ముంగట్నే కుర్చీ ఏసినం. ఆట అయినంక..."

"ఆట అయినంక?"

"ఆయన ఇంట్ల దావతు."

"దేంతోని?"

"నన్ను అడగకు పెద్దమ్మా."

"దేంతోని బిడ్డా?"

"గీ పొట్టేలుతోనే పెద్దమ్మా."

"అయ్యో నల్లోడా! గొర్లన్ని ఎదకొచ్చి ఉన్నయి. ఇంక మాకు వేరే పొట్టేలు లేదు. గీ ఏడు పిల్లలు పడకపోతె నేను, నా మొగడు ఏం తిని బతకాలె? వాళ్లకు ఒక్క పూట కూర, మాకు ఏడాది బతుకు."

"ఏడువకు. నువ్వు ఏడుస్తుంటె నాకు మీసం నిలుస్తలేదు."

"మరి ఇప్పు."

"ఇప్పితె నా ఆట బంద్ అయితది. నీకు ఎరుక లేదు పెద్దమ్మా. మొన్నటిదాక నన్ను ఒరేయ్ అని పిలిచినోళ్లు గిప్పుడు జమేదారు సాబ్ అంటుండ్రు. చాయ్ హోటల్ల బల్ల మీద కూసోమంటుండ్రు. మా నాయిన ఎన్నడు కూసోలె గా బల్ల మీద. మా అమ్మ నాగులమ్మ చర్చిల ముంగట వరసల కూసుంటాంది. నాకు గిది పోతె పాణం పోయినట్టే."

"నీ టోపీ నీకు ముద్దు. నా పొట్టేలు నాకు ముద్దు. ఎట్ల మరి?"

"ఎట్లనో నాకు గూడ సమజ్ అయితలేదు."

"అయితె నేనే ఇప్పుకుంట."

"ఆగు పెద్దమ్మా."

"ఏంది?"

"నీకు స్టేజీ అంటె భయమా?"

"గదేంది?"

"మేము ఆడే అరుగు. ఊరి మంది అందరి ముంగట నిలబడి మాట్లాడాలె."

"తోడేలు ముంగట కట్టె పట్టుకొని నిలబడ్డ. మంది ఏం జేస్తరు? కని నాకు మీ తీరుగ మాటలు రావు."

"నేర్సుడు వద్దు. గిప్పటిదాక నాతోని ఏం మాట్లాడినవో గదే మాట్లాడు. నేను పిలిచినంక రా. అరుపు గూడ గట్లనే అరువు, ర్రో నల్లోడా అని."

"అమీన్ సాబ్ కొడితె?"

"మంది అందరు నవ్వుతుంటె ఎట్ల కొడతడు? ఆయన గూడ నవ్వాల్సిందే."

మరునాడు ఎండ ఎక్కే వేళకు అసలు జమేదారు రామచంద్రయ్య సైకిలు తొక్కుకుంటూ డేరాకు వచ్చాడు. నెత్తిన టోపీ లేదు. అది ఇంకా ఏసోబు దగ్గరే ఉంది మరి.

"ముందుగాల నా టోపీ ఇయ్యి."

"గిదిగో సాబ్."

"ఏం జేసినవ్ర నిన్న?"

"నాటకం ఏసిన సాబ్."

"పొట్టేలును తీస్కపోయి ముసల్దాని చేతుల పెట్టినవ్!"

"ఆటల గట్లనే ఉండె సాబ్. పొట్టేలు దొరికింది, సొంతదారు వచ్చింది, ఇచ్చిన."

"పోయిన అంగడికి దొరకలేదు గదరా!"

"వారం వారం అదే ఆడితె జనం చూస్తరా సాబ్?"

"సరే, ఆటల ఇచ్చినవ్. ఆట అయినంక వాపస్ రావాలె గదా?"

"నేను గూడ గట్లనే అనుకున్న సాబ్. ఆమె దిగింది, జనం తొవ్వ ఇచ్చిండ్రు, చప్పట్లు కొట్టుకుంట ఊరి బయటిదాక సాగనంపిండ్రు. ఆట అయిపోయిందని ఆమెకు ఎవలూ చెప్పలే."

"నువ్వు చెప్పద్దా?"

"నేను తెర గుంజుతున్న సాబ్."

"అమీన్ సాబ్ మొగం జూసినవా?"

"జూసిన. చప్పట్లు కొడుతుండె."

"కొట్టక ఏం జేస్తడు? గిదంత అమీన్ సాబ్ దయ అని నువ్వు సలాం కొడితివి. మంది అందరు లేచి ఆయన దిక్కు దండం పెట్టిరి. ఇంటికి పోయి దావతుల పప్పుచారు తాగిండు, చుట్టాల ముంగట. తెల్లారి నన్ను పిలిచి ఏమన్నడో ఎరుకేనా?"

"ఏమన్నడు సాబ్?"

"చెప్పొద్దు. మా ఇంటోళ్లందరిని పేరుపేరున యాది జేసిండు."

"తప్పయింది సాబ్."

"తప్పు గిప్పు నాకు తెల్వదు. హుకుం తెచ్చిన. నవ్వుల ఠాణా బంద్. రేపు పొద్దుగాల వరకు డేరా పీకాలె."

"బంద్?"

"బంద్."

"ఎన్ని అంగళ్లు ఆడినం సాబ్? ఒక చేతి ఏళ్లకు సరిపోతయి."

"హుకుం హుకుమే."

"పొట్టేలు ఇచ్చినందుకు ఫికర్ లేదు సాబ్. మల్ల అడిగినా మల్ల ఇస్త. కని ఇయ్యాల టోపీ లేకుంట ఇంటికి పోతె మా అమ్మకు ఏం జెప్పాలె?"

"నాకేమన్న సంబురమా? నా పెండ్లం గూడ వస్తుండె నీ ఆటకు. లగ్గం అయినంక గామె గంత నవ్వంగ నేను సూడలే."

"మిమ్ముల జూసే నవ్వింది సాబ్."

"తెల్సు తియ్. ... బయట గా మందేంది? టికెట్లకా?"

"కాదు సాబ్. ఫిర్యాదులకు."

"ఫిర్యాదులకు నీ తానకా?"

"ఐలేశం నాగలి పోయిందట. జానమ్మ గుండిగ పోయిందట. పొద్దుగాల సంది మొత్తుకుంటున్న, సర్కారు ఠాణాకు పొండ్రి అని. నవ్వుతుండ్రు గని పోతలేరు. కోపం జేయకుండ్రి సాబ్. గిప్పుడే డేరా పీకుత. అందరు వాళ్లంతట వాళ్లే పోతరు."

"గిప్పుడే అన్ననా నేను?"

"బంద్ అంటిరి గదా?"

"రేపు పొద్దుగాల వరకు అన్న. హుకుంల గట్లనే ఉన్నది. ఇయ్యాల పొద్దుగూకినంక ఒక ఆట ఆడితె హుకుం తప్పినట్టు గాదు."

"ఇయ్యాల అంగడి గాదు సాబ్. ఆట ఎవలు జూస్తరు?"

"గా బయటున్నోళ్లు జూడరా? అమీన్ సాబ్‌ను గూడ నేను తోలుకొస్త. మందికి మీ మీద శానా ప్రేమ పుట్టింది, ఇంకొక్కపారి దండం పెడతరట అంటె వస్తడు."

"ఎందుకు సాబ్?"

"ఎవలన్న ఇంటుండ్రా?"

"లేరు."

"తెర జర దించు."

"దించిన."

"గీ టోపీ పెట్టుకో."

"మీది గదా సాబ్, గిప్పుడే తీసుకుంటిరి?"

"పెట్టుకో అంటున్న! గట్ల. కుర్చీల కూసో. నేను నిలబడ్త తియ్. ఇను. ఫిర్యాదుదారు పేరు రామచంద్రయ్య. చేసే పని జమేదారు. పోయింది, ఒక పాడిబర్రె. కట్టేసున్న జాగా, అమీన్ సాబ్ దొడ్డి."